ఇథియోపియాలో ఇండియా మాస్టార్లు

ఉదయం ఎనిమిదిన్నరకి బడి గంట. అక్కడి వాళ్ల లెక్కలో మాత్రం అప్పుడు టైము రెండున్నర. ఇథియోపియాలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మన పంచాంగంలో ఘడియలు లెక్కపెట్టినట్టే. ఏడాదికి పదమూడు నెలలు, చివరి నెలకి అయిదారు రోజులే. 1960 సెప్టెంబరు చివరలో కొలువులో చేరిన మాస్టారికి అది అక్కడి లెక్కన 1953. జీతం మన లెక్కనా, వాళ్ల లెక్కనా అని గాభరా పడినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

అసలు మన మాస్టార్లు అంత దూరం ఎందుకు వెళ్లారు? 1936లో దేశాన్ని ఆక్రమించిన ఇటలీ సైన్యం, నాలుగు అక్షరాలు నేర్చిన యువతరాన్ని వెతికి వెతికి చంపింది. 1941లో తిరిగొచ్చిన హైలే సెలాసీ చక్రవర్తి విద్యాశాఖను తన చేతిలోనే పెట్టుకున్నాడు. పై తరగతుల్లో బోధన ఇంగ్లీషులో. చెప్పడానికి స్థానికులు చాలినంతమంది లేరు. యూరప్ వాళ్లకి జీతాలు ఎక్కువ. ఇంగ్లీషులో లెక్కలూ సైన్సూ చెప్పగలిగి, మారుమూల ఊరికైనా సరేననే పట్టభద్రులు ఇండియాలో దొరికారు. వెళ్లినవాళ్లలో పెద్ద వాటా మలయాళీలది. తెలుగువాళ్ల వంతు అప్పట్లో తక్కువే. 1962లో అమెరికా నుంచి పీస్ కోర్ వాలంటీర్లు దాదాపు 300 మంది పాఠాలు చెప్పడానికి దిగేసరికే, స్టాఫ్ రూముల్లో మనవాళ్లు పాతకాపులు.

వంటింటి సంగతి అనుకున్నంత కష్టం కాదు. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి పోసే ఇంజెరా, చూపుకి మన అట్టే. బెర్బెరె కారం గుంటూరు నాలుకకి కూడా బాగానే తగులుతుంది. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉంటారు. మాంసం, పాలు, నెయ్యి ముట్టరు. శనగపిండితో చేసే షిరో లాంటివే తింటారు. అంటే శాకాహారి మాస్టారికి వారంలో రెండు రోజులు ఊరంతా తోడు.

కష్టమంతా పిల్లల చదువు దగ్గరే. రాజధాని అడిస్ అబాబాలో ఇండియన్ స్కూలు ఉండేది. జిమ్మాలోనో, గొందర్‌లోనో పోస్టింగు పడితే ఏం చెయ్యాలి? కొడుకుని తన క్లాసులోనే కూర్చోబెట్టుకోవాలి, లేదా ఇండియాలో అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టాలి. వదిలితే ఇంకో చిక్కు. ఇథియోపియాలో బడికి పెద్ద సెలవులు వానాకాలంలో, జూలై, ఆగస్టుల్లో. ఇండియాలో పిల్లలకి వేసవిలో. నాన్నకి సెలవు దొరికేసరికి పిల్లలు బడిలో ఉంటారు. ఊరి పిల్లలందరికీ గురువైన మనిషి సొంత బిడ్డ ప్రోగ్రెస్ కార్డు పోస్టులో చూసుకోవడం ఆ ఉద్యోగం అడిగిన అసలు ధర. జీతంలో ఇంటికి పంపిన డబ్బు లెక్కలు అందరూ చెబుతారు గానీ, ఇది ఎవరూ లెక్కగట్టలేదు.

వెంట తెచ్చుకున్న పసివాళ్లు మాత్రం వీధిలోనే అమ్హారిక్ భాష పట్టేశారు. ఆ లిపిలో 33 మూలాక్షరాలు, ఒక్కోదానికి 7 రూపాలు. చర్చి బడుల్లో పిల్లలు హ, హు, హి అని రాగం తీస్తూ వల్లిస్తారు. మన గుణింతం వచ్చినవాళ్లకి అదేమంత కొత్త? ఉపాధ్యాయుణ్ణి అక్కడ ‘అస్తెమారి’ అంటారు. మన ‘మాస్టారు’ అనే మాటకి చుట్టంలా వినిపిస్తుంది గానీ, కాదు.

1974 సెప్టెంబరులో సైనికాధికారులు చక్రవర్తిని దించేశారు. పై తరగతుల విద్యార్థుల్ని, ఉపాధ్యాయుల్ని పల్లెలకి తరలించారు, తరగతులు బోసిపోయాయి. అప్పటికే చమురు డబ్బుతో బడులు కడుతున్న నైజీరియా మన మాస్టార్లని పిలుస్తోంది.

2000 తర్వాత ఇథియోపియా వరసగా కొత్త యూనివర్సిటీలు తెరిచినప్పుడు లెక్చరర్లుగా వెళ్లినవాళ్లలో ఈసారి తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. అటునుంచి పీహెచ్‌డీ కోసం వచ్చిన ఇథియోపియన్లు విశాఖపట్నంలోని ఆంధ్రా యూనివర్సిటీలో చేరారు. వాళ్లలో చాలామంది ఇథియోపియా కాలేజీల్లో పాఠాలు చెబుతూ వచ్చినవాళ్లే, ఇంటి దగ్గర పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లూ ఉన్నారు.