వలందపాలెం, పరాసుపేట

పెదపారుపూడి పేరులోని ‘పెద’ వినగానే పక్కన చినపారుపూడి ఉందని తెలిసిపోతుంది. జనం పెట్టుకునే పేర్లు అలా ఇరుగుపొరుగును చూసి పుడతాయి. బందరు పేటలూ అంతే. అక్కడ డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో వర్తక స్థావరాలు పెట్టారు. ఆ వర్తకం ఏనాడో పోయింది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట మిగిలాయి. ఇవి పరాయి పాలన గుర్తులు, మార్చేయాలని ఎవరైనా అనవచ్చు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఒక్కసారి పైకి పలికి చూడండి. హాలండు ‘వలంద’ అయింది, ఫ్రాన్సు ‘పరాసు’ అయింది. ఏ దొరా తన దేశాన్ని అలా పిలుచుకోడు. బందరులోనే 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన బడి, తర్వాత కళాశాలై, ఆయన పేరునే ఉన్నదున్నట్టు నిలుపుకుంది. పేటల పేర్లు మాత్రం బందరు జనం తమ నాలుకకు తగ్గట్టు మలుచుకున్నవి. వాటిని చెరిపేస్తే పోయేది దొరల గొప్ప కాదు, మన పూర్వీకుల ఉచ్చారణ.