తల్లా, తండ్రా?

1986 ఆగస్టు, డల్లాస్‌లో సిగ్రాఫ్ సమావేశం. పిక్సార్ అనే కొత్త కంపెనీ అక్కడ రెండు నిమిషాల సినిమా ఒకటి వేసింది. పేరు 'లక్సో జూనియర్'. రెండు టేబుల్ ల్యాంపులు, ఒక బంతి, అంతే. దీపం కింద చీకటి అంటాం కదా, ఆ చీకటిని లెక్కగట్టడమే అసలు సమస్య. ల్యాంపు గెంతితే వెలుగు కదలాలి, నీడలూ కదలాలి. సినిమా అయ్యాక గ్రాఫిక్స్ శాస్త్రవేత్త జిమ్ బ్లిన్ తనవైపు వస్తుంటే, నీడల ఆల్గారిథమ్ గురించి అడుగుతాడేమోనని దర్శకుడు జాన్ లాసెటర్ కంగారుపడ్డాడట. బ్లిన్ అడిగింది వేరు: ఆ పెద్ద ల్యాంపు తల్లా, తండ్రా?

టెక్నాలజీ కన్నా కథే ముఖ్యం అనడానికి ఈ ముచ్చట చెప్తుంటారు. నాకు అలా అనిపించదు. నీడ ఎక్కడైనా తప్పితే బ్లిన్ లాంటివాడి కన్ను ముందు అక్కడే ఆగేది. నీడలు కుదిరాయి కాబట్టే ఆయన ధ్యాస చుట్టరికాల మీదకి పోయింది.

కుదరకపోతే ఏమవుతుందో రెండేళ్ళకే తెలిసింది. 1988లో వచ్చిన 'టిన్ టాయ్' ఆస్కార్ గెలిచిన మొదటి కంప్యూటర్ యానిమేషన్ సినిమా. అందులో రేకు బొమ్మని ఇట్టే నమ్ముతాం. పసివాడిని చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. రేకు బొమ్మ ఎలా నడవాలో మనకి పెద్దగా పట్టింపు లేదు. చంటిపిల్లల బుగ్గలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు.

మనిషి చర్మం కుదరడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 1972లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్ క్యాట్‌మల్ తన ఎడమచేతి అచ్చు తీసి, దాన్ని కంప్యూటర్‌లో కదిలించాడు. వంపులు నున్నగా రావడానికి 1978లో జిమ్ క్లార్క్‌తో కలిసి ఒక గణిత పద్ధతి ప్రచురించాడు. తనతో తానే చదరంగం ఆడుకునే 'జెరీస్ గేమ్' (1997) ముసలాయన ముఖంలో ఆ పద్ధతికి ప్రాణం వచ్చింది. ఆయన ఎత్తుకి ఎత్తు వేస్తుంటే ముడతలు చూడం, ఎవరు గెలుస్తారా అని చూస్తాం.

'పైపర్' (2016) సంగతీ అంతే. అలకి తడిసి బెదిరిపోయిన పిట్టపిల్ల కథ అది. నీళ్ళకి బరువు లేకపోతే భయానికి అర్థమే లేదు. తడిసిన ఈకలూ ఇసుకరేణువులూ ఆ భయం కోసమే.

ఇప్పుడు ఏ షార్ట్ ఫిల్మ్ చూసినా "ఇది గ్రాఫిక్సంటే నమ్ముతారా!" అంటున్నాం. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ మాట అంటున్నామంటే మనమింకా నీడల దగ్గరే ఉన్నట్టు.