కరువు కన్న పాటలేనా?

తెలుగు క్రైస్తవ కీర్తన చరిత్ర ఎవరు రాసినా పురుషోత్తమ చౌదరి (1803–1890)తో మొదలుపెడతారు. అది న్యాయమే. పల్లవి, చరణాలు కట్టి, రాగతాళాలు కూర్చి ఆయన వేసిన బాటలోనే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ నడిచాయి. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడం, 1866లో మరో మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరడం అందరికీ తెలిసినవే.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాత వినిపించే మాట. గుంటూరు, ఒంగోలు వైపు పత్తి, మిరప పల్లెల్లో పరలోక నిరీక్షణ పాట ఇంతగా పాతుకుపోవడానికి 1876–78 కరువే కారణమట. కడుపు కాలినవాడు మోక్షం పాడుకున్నాడని తేల్చేస్తారు. తేదీలు దీనికి ఒప్పుకోవు. తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడిన ఒంగోలు సంఘం కరువుకు ముందే మూడువేలు దాటింది. కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బోధకులు ఇద్దరిద్దరుగా దిగి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చేనాటికి కాలువ పని ముగిసిపోయింది. కరువు సంఘాన్ని పెంచింది, కాదనను. ఆశ మాత్రం అంతకుముందుదే.

పేరయ్య అంతకుముందు రాజయోగ గురువుల శిష్యుడు. మాదిగపల్లెల్లో ఆ బోధ ఎంత లోతుగా ఇంకిందో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోనే రాసింది. దేహం తోలుతిత్తి అని తత్త్వం పాడితే, పగలంతా తోళ్లతో బతికేవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ తిత్తి విడిచి సొంతింటికి చేరాలన్న తపన వాళ్ల పాటలో అప్పటికే ఉంది. పేరయ్య కీర్తనలు కట్టాడని నేననడం లేదు. ఆ తరం గొంతులో తత్త్వం ఉందంటున్నాను. పరిశోధకుడు ఆర్.ఆర్. సుందరరావు మన కీర్తనల్లో భక్తి వేదాంతాన్ని ఎత్తిచూపి మేలు చేశారు. చౌదరి రచనకు అది సరిపోతుంది. ఈ పల్లెల దాకా వస్తే యోగుల తత్త్వాన్నీ లెక్కలోకి తీసుకోక తప్పదు.

తర్వాత బైబిల్ మిషన్ ముంగమూరి దేవదాసు, మన కాలంలో గుంటూరు హోసన్నా యేసన్న ఆ ఆశను నిలబెట్టారు. యేసన్న పాటల్లో సీయోను, నూతన యెరూషలేము పదేపదే పలుకుతాయి. ఇప్పటి కొత్త పాటల్లో చాలావాటిలో పరలోకం పక్కకు జరిగి, ఈ ఏడే దక్కాల్సిన దీవెన ముందుకొచ్చింది. ఇది నాకు లోటుగానే తోస్తుంది. పాడే తీరూ మారింది. భూస్థాపన దగ్గర కంజీర పట్టి ఒకరు చరణం అందిస్తే అందరూ అందుకునేవారు. ఇప్పుడు స్పీకరులో ట్రాకు పెడుతున్నారు. ఆ శ్రుతి పెద్దవాళ్లకు అందదు, నోరు మెదపకుండా నిలబడతారు. కీర్తనల పుస్తకంలో రాగం పేరైతే అచ్చులో ఉంది గాని వరస వాళ్ల గొంతుల్లోనే ఉంది. సంఘాలు కొత్త ఆల్బం మీద పెట్టే ఖర్చులో కొంతైనా ఆ వరసలు రికార్డు చేయడానికి పెట్టాలి.