రాజభవనాలు: రక్షణ, ప్రవేశం, జ్ఞాపకం

సంస్థానాల విలీనం తరువాత వాటి భవనాలను ఎవరు పోషించాలన్న ప్రశ్న తలెత్తింది. రెండు ఉదాహరణలు పరిశీలిద్దాం.

హైదరాబాదులో పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా 1884లో ఫలక్‌నుమా నిర్మాణం ప్రారంభించాడు. తరువాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వశమైంది. 1911లో ఆయన మరణించాక దాని వాడకం తగ్గింది. దీర్ఘకాలం మరమ్మతులు జరిగి, 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది. దీనితో భవన పోషణకు రాబడి ఏర్పడింది. కాని ప్రవేశం ఖర్చు భరించగలవారికే దక్కింది.

బనగానపల్లె సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. అక్కడి నవాబు బంగళా హోటలు కాలేదు. 2009లో విడుదలైన ‘అరుంధతి’ సినిమా చిత్రీకరణ వల్ల జనం దానిని ‘అరుంధతి కోట’ అంటున్నారు. సందర్శకులు సినిమా కథను తలచుకుంటారు, సంస్థాన చరిత్రను కాదు.

కట్టడం నిలవడం ఒక్కటే చాలదు. ప్రజలు దానిని చూడగలిగి, దాని చరిత్ర తెలుసుకోగలిగినప్పుడే అది వారి వారసత్వమవుతుంది.