బొమ్మచీట్లు: దాచుటా, తరగతి కట్టించుటా, అమ్ముటా?



పెద్దలు విడిచిపోయిన పాతవస్తువుల మూట నేమి చేయవలెనను విచారము మనకు క్రొత్తది గాదు. అమెరికా దేశమున కాగితపు చీట్ల విషయమై యట్టి విచార మెట్లు నడచినదో నేడు విన్నవించెదను.

పందొమ్మిదవ శతాబ్దపు చివర నచ్చటి పొగాకు వర్తకులు, సిగరెట్టు పెట్టెలు నలుగకుండుటకై లోపల నొక దళసరి యట్టముక్క నుంచి, దానిపై ఆటగాండ్ర బొమ్మలను, నటీమణుల బొమ్మలను అచ్చొత్తించిరి. పెట్టెకు బలము, సరకునకు ప్రకటన, రెండును సిద్ధించెను. 1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీ పంచిన చీట్లలో, బేస్‌బాల్ అను బంతియాటలో ప్రసిద్ధుడైన హోనస్ వాగ్నర్ చీటి మిక్కిలి యరుదు. తన బొమ్మ వేయుట కాతడు సమ్మతింపకపోగా అచ్చు నిలిచిపోయెను. తన బొమ్మకై బాలురు పొగాకు కొందురని వెఱచెనని కొందఱు, సొమ్ము చాలక కాదనెనని కొందఱు చెప్పుదురు. ఆయన తాను పొగాకు నమలువాడే. అయినను బాలుర విషయమున వేఱుగా దలచుట పెద్దవారికి వింత గాదని నా యభిప్రాయము.

ఈ చీట్ల కొక క్రమము కల్పించినవాడు జెఫర్సన్ బర్డిక్. సిరక్యూజ్ నగరమున విద్యుత్పరికరముల కర్మాగారములో పనిచేసిన సామాన్యుడు, బ్రహ్మచారి, కీళ్లవాతముచే బాధపడినవాడు. 'అమెరికన్ కార్డ్ కాటలాగ్' అను పట్టికను కూర్చి, ప్రతి వరుసకును అక్షరమును సంఖ్యను నిచ్చెను. వాగ్నర్ చీటి గల వరుసను నేటికిని 'టి 206' అని ఆయన పెట్టిన పేరుతోనే పిలుతురు. ఆ చీటికి ఆయన పట్టికలో వ్రాసిన వెల 50 డాలర్లు.

బర్డిక్ మూడు లక్షలకు మించిన తన సేకరణమును 1947 మొదలు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున కిచ్చివేసెను. ఇచ్చి యూరకుండలేదు. ఏండ్ల తరబడి యచ్చటికి వచ్చి, నొప్పిగల చేతులతోనే చీట్లను వరుస తప్పక పుస్తకములలో నంటించెను. 1963 జనవరిలో పని ముగించెను. మార్చిలో కాలధర్మము నొందెను.

నేటి సంతలో ఈ యంటించుట మహాదోషము. తరగతి కట్టు సంస్థలవారు మూలలు, అంచులు, పైపొర పరీక్షించి, 1 మొదలు 10 వఱకు అంకము వేసి, చీటిని ప్లాస్టిక్ బిళ్లలో మూసి యిత్తురు. వెనుక బంక కనబడిన అంకము తగ్గును. తాటాకు గ్రంథమునకు అంచు చూచి గాక పాఠము చూచి విలువ కట్టు మర్యాదలో పెరిగినవాడను గనుక, నాకు బర్డిక్ పక్షమే రుచించుచున్నది.

అయినను అమ్మదలచినవానికి అంకము పనికివచ్చును. దూరదేశపు కొనుగోలుదారు చీటిని చూడకయే నమ్మును. కాని సామాన్యమైన చీటికి వచ్చు వెల, పరీక్ష రుసుమునకైన చాలకపోవచ్చును. అంకమును సయితము గ్రుడ్డిగా నమ్మరాదు. 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకు అమ్ముడుపోయిన యొక వాగ్నర్ చీటికి 8 అంకము వేసిరి. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికెను. దానిని పూర్వము చేతులు మార్చిన వేలముల వర్తకుడు బిల్ మాస్త్రో, దాని యంచులు తాను కత్తిరించినట్లు 2013లో నొప్పుకొనెను! 2022లో కేవలము 2 అంకము గల వేఱొక వాగ్నర్ చీటి 72 లక్షల 50 వేల డాలర్లకు పోయెను.

కావున సేకరణము చేతికి వచ్చినవారు ముందుగా వరుసలు చెదరకుండ పట్టిక వ్రాసికొనవలెను. అమ్మకము తరువాతి మాట. ఒకసారి చెదరిన వరుసను మరల కూర్చుట దుర్లభము.

బర్డిక్ ఇచ్చిన చీట్లలో వాగ్నర్ చీటియు నున్నది. మ్యూజియమువారు ఆ బేస్‌బాల్ చీట్లను కొన్ని కొన్నిగా మార్చుచు ప్రదర్శించుచున్నారు.