చమురు కంపెనీల్లో కోత: బేరం ఎవరితో?

విశాఖపట్నంలో 1957లో అమెరికన్ సంస్థ కాల్టెక్స్ నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారం, రెండు దశాబ్దాల తర్వాత ప్రభుత్వపరమై 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. ఎస్సోను 1974లో, బర్మా షెల్‌ను 1976లో, కాల్టెక్స్‌ను 1977లో పార్లమెంటు చేసిన చట్టాలు జాతీయం చేశాయి. విదేశీ యజమానుల నుంచి ఆస్తులతోపాటు ఉద్యోగుల సర్వీసు బాధ్యతనూ అవి ప్రభుత్వ సంస్థలకు బదలాయించాయి. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ అంశమే తర్వాత కార్మిక సంఘాలకు ఆయుధమైంది.

2003 జనవరిలో వాజపేయి ప్రభుత్వం హిందుస్థాన్ పెట్రోలియంలో 34.01 శాతం వాటాను వ్యూహాత్మక భాగస్వామికి అమ్మాలని నిర్ణయించింది. పెట్టుబడుల ఉపసంహరణ మంత్రి అరుణ్ శౌరి అందుకు పట్టుబట్టగా, పెట్రోలియం మంత్రి రామ్ నాయక్ మొదటినుంచీ విముఖంగానే ఉన్నారు. ఒకే మంత్రివర్గంలో రెండు గొంతులు వినిపిస్తుంటే సంఘాలు చర్చించవలసింది ఎవరితో? చమురు రంగ అధికారుల సంఘం చర్చల బల్లను వదిలి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పార్లమెంటు చట్టంతో సంపాదించిన కంపెనీని చట్టాన్ని సవరించకుండా ప్రైవేటుపరం చేయరాదని జస్టిస్ రాజేంద్రబాబు, జస్టిస్ జి.పి. మాథుర్ ధర్మాసనం 2003 సెప్టెంబర్ 16న తీర్పునిచ్చింది. విశాఖ శుద్ధి కర్మాగారం ప్రభుత్వ చేతుల్లో నిలవడానికి కారణం బేరసారాల్లో దక్కిన రాయితీ కాదు, ఈ తీర్పే.

అయితే చట్టం ఇచ్చిన రక్షణను చట్టమే తీసివేయగలదు. కాలం చెల్లిన 187 చట్టాల రద్దు పేరిట 2016లో వచ్చిన శాసనంలో బర్మా షెల్ జాతీయీకరణ చట్టమూ కొట్టుకుపోయింది. రద్దయింది చెత్త కాదు, బేరంలో కార్మికుల పక్షాన నిలిచిన ఏకైక బలం. 2018 జనవరిలో హిందుస్థాన్ పెట్రోలియంలోని 51.11 శాతం వాటాను రూ.36,915 కోట్లకు ఓఎన్‌జీసీ కొన్నది. ప్రభుత్వ సంస్థను ప్రభుత్వ సంస్థే కొనడంతో ఇక్కడ గొడవ సద్దుమణిగింది.

భారత్ పెట్రోలియం విషయంలో అలా జరగలేదు. 2019 నవంబర్‌లో అందులోని 53.29 శాతం వాటా విక్రయానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వందమంది లేదా అంతకుమించి పనిచేసే కర్మాగారంలో కార్మికులను తొలగించాలంటే అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి అవసరమయ్యేది. కేంద్రానికి 51 శాతం వాటా ఉన్న కంపెనీలో ఆ అనుమతి ఇవ్వవలసింది కేంద్రమే. అంటే అమ్మేవారూ, అనుమతించేవారూ ఒకరే. అయినా తొలగింపు అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే సంఘాలకు పోరాడేందుకు నోటీసూ, తేదీ, ప్రతివాదీ దొరుకుతాయి. 2020 జూలైలో, నలభై అయిదేళ్లు నిండిన ఉద్యోగుల కోసం స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. సంతకం ఉద్యోగిది కాబట్టి వివాదానికి తావు లేదు. కొత్త యజమాని ఎవరో తెలియని రోజుల్లో ఆ సంతకం ఎంత స్వచ్ఛందమో వేరే చెప్పాలా? ఆ సెప్టెంబర్‌లో సంఘాలు సమ్మెకు దిగాయి గానీ, పథకానికి గడువు ఆగస్టులోనే ముగిసింది.

చివరికి బరిలో మిగిలింది ఒక్క బిడ్డరే. 2022 మేలో కేంద్రం విక్రయ ప్రక్రియను విరమించుకుంది. కంపెనీ ప్రభుత్వానిదిగానే మిగిలింది. పథకంలో సంతకాలు చేసినవారు అప్పటికే ఇళ్లకు చేరుకున్నారు.