నూరేళ్లు నిండకుండానే

మా నాన్న ట్రంకుపెట్టెలో పొలం కాగితాల కింద ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు ఇప్పటికీ ఉంది. పెనుగంచిప్రోలు వైపు మెట్ట రైతు ఇంట్లో డబ్బు కళ్లబడేది పత్తి అమ్మినప్పుడు, మిర్చి అమ్మినప్పుడు. మిగతా రోజుల్లో పురుగుమందులకీ కూలీలకీ అమ్మ గొలుసే దిక్కు. అది బ్యాంకులో తాకట్టు ఉంటే నాన్నకి నిద్ర పట్టేది. వడ్డీ వ్యాపారి దగ్గరుంటే పట్టేది కాదు.

ఆ బ్యాంకును డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరు 20న బందరులో రిజిస్టరు చేయించారు. 28న లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లో. రాష్ట్రం పటమెక్కడానికి ముప్పై ఏళ్ల ముందే ఆ పేరు ఒక బ్యాంకు బోర్డెక్కింది! తెలుగువాడి పొదుపు తెలుగునేల మీదే తిరగాలన్న పట్టుదల అది.

1980 ఏప్రిల్ 15న ఆరు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఇదీ సర్కారు చేతికి వెళ్లింది. పేరు అలాగే ఉంది కనుక మనం గమనించలేదు కానీ, దాని తలరాత రాసే కలం ఆ రోజే ఢిల్లీ చేరింది.

ఆ కలమే చివరికి మన బ్యాంకు పేరు కొట్టేసింది. అమెరికాలో జాతీయ బ్యాంకు కూలిన తీరు వేరు. 1832లో దాని చార్టరు పొడిగింపును అధ్యక్షుడు జాక్సన్ వీటో చేశాడు. బ్యాంకు అధిపతి నికొలస్ బిడిల్ తలొగ్గలేదు. ఆ ఏటి ఎన్నికల్లో ఊరూరా అదే తగువు. జాక్సన్ గెలిచాడు, 1836లో చార్టరు ముగిసింది. తప్పో ఒప్పో, జనం ముందు తేలిన సంగతి అది. మన బ్యాంకుకు ఆపాటి పోరు కూడా దక్కలేదు.

2019 ఆగస్టు 30న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పది బ్యాంకులను నాలుగు చేస్తున్నామన్నారు. ఆంధ్రా బ్యాంకు ముంబైలోని యూనియన్ బ్యాంకులో కలవాలి. వెయ్యి ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు. మొండిబాకీలు దాన్ని కుంగదీసిన మాట నిజమే. కానీ పేరు చేసిన పాపమేమిటి? ఉద్యోగులు సమ్మె చేశారు. పేరైనా మిగల్చమని ఇక్కడివాళ్లు అడిగారు. ఎవరూ వినలేదు.

2020 ఏప్రిల్ 1న, తొంభై ఏడో ఏట, అది పోయింది. అప్పుడు లాక్‌డౌన్. గుంటూరు యార్డు మూతపడింది, కోసిన మిర్చి కల్లాల్లోనే ఉంది. మునేరు దాటి వెళ్లి ఆ బోర్డును చివరిసారి చూసొచ్చే వీలు కూడా లేదు. మనిషి పోతే నలుగురైనా వస్తారు.

తర్వాత బోర్డులు మారాయి, కోడ్ నంబర్లు మారాయి. నాన్న ఒక పొద్దున వెళ్లి కొత్త పాస్‌బుక్కు తెచ్చుకున్నాడు. కౌంటరులో ఉన్న అబ్బాయి పాతది తీసుకోబోతే, "అది నాకు ఉండనీ బాబూ" అన్నాడట.